కుండలో వేరు

విజయవాడ, సత్యనారాయణపురం,
ఫిబ్రవరి 16, 2025

ఉషా,

బాగున్నావా అని అడగను. మొన్న ఫోనులో నీ గొంతు విన్నాను, అంగన్‌వాడీ పిల్లల మీద అరుస్తున్నావు, అంటే బాగానే ఉన్నావు. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని మా ఆయన రాఘవ ఎప్పటిలాగే ఎగతాళి చేస్తున్నాడు. వాట్సాప్‌లో ఏం పంపినా నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావని ఆయనకేం తెలుసు? కాగితం మీదైతే చదువుతావు, జవాబూ రాస్తావు. డిగ్రీ రెండో ఏడులో చదువు మానేసి నువ్వు వలలపాలెం వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ఇరవై నాలుగేళ్లుగా మనకిదే అలవాటు.

అసలు సంగతికి వస్తాను. మన వట్టివేరు గెలిచింది!

మూడేళ్ల కిందట నువ్వు బస్సులో సీసాడు కాలువ నీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టావు. "బాతులు మెడలు వేలాడేసి చస్తున్నాయే. నువ్వు బోటనీ లెక్చరర్‌వి కదా, ఎందుకో చెప్పు" అన్నావు. నీళ్ళలో సీసం ఉందని తేలింది. పైన పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ ఒకటుంటే, కాలువలోది తమది కాదని ఆ ఫ్యాక్టరీ వాళ్ళు మొహం మీదే చెప్పారు. నేను వాదించి వాదించి చివరికి కాలువ పొడవునా మొక్కలు నాటడానికి ఒప్పించాను. నీళ్ళలో జమ్ము, గట్ల మీద వట్టివేరు. ఎక్కడి నుంచో తెచ్చిన మొక్కలు కావు, మన నేలవే. నిన్న పరీక్ష ఫలితాలు వచ్చాయి. నీళ్ళలో సీసం ఐదో వంతుకి పడిపోయింది. స్టాఫ్ రూములో నేను ఎగిరి గంతేస్తే అందరూ తిరిగి చూశారు.

మార్చి నెలాఖరులో ఫ్యాక్టరీ వాళ్ళు అక్కడే సభ పెడుతున్నారు. ఆ గట్టుకి 'శుద్ధి వనం' అని పేరు పెట్టారట. మేనేజర్ విశ్వేశ్వర్ గారు నీ పిల్లలని కూడా తీసుకురమ్మన్నారు. నాకు పరీక్షల డ్యూటీ, రాలేను. అక్కడ పెట్టే బోర్డు మీద తెలుగు నేనే రాసిచ్చాను, తప్పులుంటే నవ్వుకో.

నీ
లలిత


వలలపాలెం,
ఏప్రిల్ 3

లలితా,

నీ సభ బ్రహ్మాండంగా జరిగింది. నువ్వు రాకపోవడమే మంచిదయింది, ఆ పొగడ్తలు వింటే ఇక నీతో మాట్లాడలేకపోయేవాళ్ళం. విశ్వేశ్వర్ గారు మైకు పట్టుకుని "డాక్టర్ శ్రీలలిత గారి వట్టివేరు మీ కాలువని కడిగిపారేసింది" అంటుంటే నేను పిల్లల చేత చప్పట్లు కొట్టించాను. ఆవిడ నా స్నేహితురాలని పక్కనున్న వాళ్ళందరికీ చెప్పుకున్నాను కూడా.

ఇంకో ముచ్చట. రెండేళ్లు నిండిన మొక్కలని తవ్వి, పిలకలు మళ్ళీ నాటి, ఆ వేర్లని కట్టలు కట్టించి ఇంటికొకటి పంచారు. ప్రతి కట్టకీ కాగితం అంటించారు: 'నీటిని శుద్ధి చేసే వట్టివేరు'. కింద నీ పేరు. అంగన్‌వాడీకి నాలుగు కట్టలిచ్చారు. ఎండలు చూస్తున్నావుగా, వేళకి అందిన కానుక. మేమెలాగూ క్యాను నీళ్ళు కొని కుండలో పోస్తాం. కుండలో ఒక కట్ట వేశాను. ఏం వాసనే అది! వాన పడ్డ మట్టి వాసన.

కొరమేనులమ్మే సన్యాసమ్మ నీకు గుర్తుండే ఉంటుంది, చచ్చిన బాతులు ఆవిడవే. కట్ట విప్పి తన ఇంట్లో రెండు కుండల్లోనూ వేసింది. "కాలవనే బాగుచేసిన మొక్క, కుండెడు నీళ్ళని చెయ్యదేంటి టీచరమ్మా" అంటే నాకూ నిజమే కదా అనిపించింది. ఆవిడ మనవరాలు చిన్ని నాలుగేళ్లది. ఎండల్లో ఎంత బతిమాలినా నీళ్ళు తాగేది కాదు. ఇప్పుడు గ్లాసు పట్టుకుని నా చీర లాగుతుంది, "వాసన నీళ్ళు ఇవ్వు టీచరూ" అని. రోజూ కట్టని కుండలోనే పిండి మళ్ళీ వేస్తున్నాను, వాసన బాగా దిగాలని.

నీ పుణ్యమాని ఈ వేసవి పిల్లలు హాయిగా నీళ్ళు తాగుతున్నారు.

ఉష


విజయవాడ,
ఏప్రిల్ 7

ఉషా,

ఉత్తరం చదివిన మరుక్షణం ఫోను చేశాను. కుండ పగలగొట్టు, కడగడం కాదు, పగలగొట్టు అని అరిచాను. నువ్వు ఎందుకని నాలుగుసార్లు అడిగినా అదే మాట అరిచాను. ఇప్పుడు రాస్తున్నాను, నిదానంగా చదువు.

వట్టివేరు నీళ్ళని శుద్ధి చేస్తుంది. నిజమే. కానీ సీసం మాయమైపోదు. మొక్క దాన్ని పీల్చి తన వేర్లలో పెట్టుకుంటుంది. ఆకుల్లోకి పెద్దగా పంపదు, పశువులు ఆకు కొరికినా ప్రమాదం తక్కువని ఈ మొక్కని ఎంచుకున్నాం. అంటే ఈ రెండేళ్లూ కాలువలో తగ్గిన విషంలో చాలా భాగం ఆ వేర్లలోనూ వాటిని అంటుకున్న బురదలోనూ ఉంది. వాటిని లారీలో ఎక్కించి, ప్రమాదకరమైన వ్యర్థాలు పూడ్చే సిమెంటు గోతికి పంపాలి. అలాంటి వేర్లని పసిపిల్లలు తాగే నీళ్ళలో పిండారు!

ఒళ్ళు మండిపోతోంది. నా రిపోర్టులో స్పష్టంగా రాశాను, వేర్లు బయటికి పోకూడదని, ఇళ్ళలో వాడకూడదని. తెలిసి చేశారు. లారీకి ఎక్కించాల్సిన చెత్తని రిబ్బను కట్టి మీ చేతుల్లో పెట్టారు, ఫొటోలు తీసుకున్నారు. దానికి నా పేరు కూడానా! వాళ్ళని వదిలిపెట్టను.

నువ్వు చెయ్యాల్సినవి: ప్రతి ఇంట్లోనూ కట్టలు వెనక్కి తీసుకో. చేతికి కవరు తొడుక్కో. వాటిని కాల్చకు, పొగ ఇంకా ప్రమాదం. గోనెసంచుల్లో కట్టి పిల్లలకి అందకుండా పెట్టు. పిల్లలకి రక్తపరీక్ష చేయించమని పీహెచ్‌సీ డాక్టరుతో నేను మాట్లాడాను.

లలిత


వలలపాలెం,
ఏప్రిల్ 20

లలితా,

నలభై ఆరు ఇళ్ళు. ముప్ఫై తొమ్మిది ఇళ్ళ కట్టలు వచ్చాయి. వాటిని సైకిలు రిక్షాలో వేసుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్తే, ఇచ్చినవి వెనక్కి తీసుకునే పద్ధతి లేదన్నారు. సంచులు ఇప్పుడు పంచాయతీ గదిలో తాళం వేసి ఉన్నాయి.

ఇరవై ముగ్గురు పిల్లలకి రక్తం తీశారు. వాళ్ళమ్మలు నా మొహం చూసిన చూపు నీకు రాయడం నాకు రాదు. కుండలో వేసింది నేను. రోజూ పిండింది నేను. తాగండి తాగండి అని వెంటపడింది నేను.

సన్యాసమ్మ కట్ట ఇవ్వనంది. "ఫ్యాక్టరీవోడు అబద్ధమాడతాడు, ఒప్పుకుంటాను. మీ స్నేహితురాలు ఆడదు కదమ్మా. శుద్ధి చేస్తదని ఆవిడే రాసిందిగా" అంది. బోర్డు దగ్గరికి తీసుకెళ్ళాను, అక్కడ నువ్వు ఏదో ఒక మూల రాసి ఉంటావు కదా, వేలు పెట్టి చూపిద్దామని. పది లైన్లున్నాయి. రెండుసార్లు చదివాను. వేర్ల గురించి ఒక్క ముక్క లేదు.

వాళ్ళే చెరిపేసి ఉంటారని తిన్నగా విశ్వేశ్వర్ గారి దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టాను. ఆయన చాలా మర్యాదగా కుర్చీ వేశాడు. ఫైలు తీసి నీ చేతిరాత కాగితం చూపించాడు. కింద నీ సంతకం. "మేడమ్ గారు ఇచ్చినదాంట్లో మేం అక్షరం మార్చలేదండీ" అన్నాడు.

నీ రిపోర్టు అరవై పేజీలు ఇంగ్లీషులో ఉందట. మా పాలెంలో దాన్ని ఎవరు చదువుతారనుకున్నావు? కాలువ పక్కన బతికేవాళ్ళకి తెలుగులో పది లైన్లు ఇచ్చావు. పదకొండో లైను ఎందుకివ్వలేదు?

ఫోను చెయ్యకు. ఎత్తను. రాసి పంపు.

ఉష


విజయవాడ,
మే 2

ఉషా,

పన్నెండు రోజులు పట్టింది ఈ ఉత్తరానికి. ముందు రాసినవన్నీ ఫ్యాక్టరీని తిట్టే ఉత్తరాలే. వాళ్ళు తిట్టించుకోదగ్గవాళ్ళే. కానీ నువ్వడిగింది నన్ను.

పదకొండో లైను ఉంది. నేనే రాశాను. 'తవ్విన వేర్లలో సీసం ఉంటుంది, ఇళ్ళలో వాడకూడదు' అని. విశ్వేశ్వర్ చదివి, "మేడమ్, ఇంత మంచి పని చేశాం, సీసం అన్న మాట చూస్తే జనం బెదిరిపోతారు. కాలువలోది మాదేనని ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది. రిపోర్టులో ఎలాగూ ఉంది కదండీ" అన్నాడు. నేను పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. తర్వాత శుభ్రంగా ఇంకో కాగితం మీద తిరగరాసి సంతకం పెట్టాను. నా చేత ఎవరూ బలవంతంగా రాయించలేదు. కాఫీ తాగుతూ చేశాను.

ఎందుకంటే రెండు కారణాలున్నాయి, రెండూ సిగ్గుపడేవే. ఈ పని ఆగిపోకూడదని. రెండేళ్ల కష్టం, నా పేరు, మా కాలేజీకి వాళ్ళు కట్టించిన ల్యాబు. ఇంకోటి, తెలియాల్సిన వాళ్ళకి ఇంగ్లీషులో తెలుసు కదా అనుకున్నాను. తెలియాల్సిన వాళ్ళు అంటే నా మనసులో అధికారులు, మేనేజర్లు. మీరు కాదు. సీసాలో నీళ్ళు మోసుకొచ్చి నన్ను ఈ పనిలో పెట్టిందే నువ్వు, అయినా ఆ జాబితాలో నువ్వు లేవు.

పోయిన ఉత్తరంలో నీకు పెద్ద మాటలు రాశాను, వాళ్ళు తెలిసి చేశారని. నాకూ తెలుసు.

నన్ను ఏమన్నా పడతాను. పిల్లల రిపోర్టులు రాగానే మాత్రం రాయి.

లలిత


వలలపాలెం,
మే 24

శ్రీలలిత గారికి,

రిపోర్టులు వచ్చాయి. రక్తంలో సీసం ఐదు దాటకూడదట. తొమ్మిదిమందికి దాటింది. చిన్నికి పద్నాలుగు. ఎక్కువ తాగింది కదా, వాసన నీళ్ళని. అది విన్నాకే సన్యాసమ్మా, మిగిలిన ఆరిళ్ళ వాళ్ళూ కట్టలు తెచ్చిచ్చారు.

ఇప్పటికి మందులు అక్కర్లేదు, ఐరన్, పాలు, గుడ్లు పెట్టండి, సీసం మళ్ళీ ఒంట్లోకి పోకుండా చూడండి, ఆగస్టులో మళ్ళీ పరీక్ష చేద్దాం అన్నాడు డాక్టరు. ఈ పిల్లలకి చదువు మందగిస్తుందా అని ఒకమ్మ అడిగింది. ఆయన చెప్పలేమమ్మా అన్నాడు. చెప్పలేమట! అప్పుడే మాటలు కూడబలుక్కుంటున్న పిల్లలు.

ఇక వినండి. ఫ్యాక్టరీ వాళ్ళు పత్రికల వాళ్ళని పిలిచి ఏమన్నారో తెలుసా? పిల్లల రక్తంలో సీసం వేర్ల వల్ల కాదట, ఎన్నేళ్ళుగానో ఆ కాలువ పక్కన బతకడం వల్లట. బాతులు చచ్చినప్పుడేమో కాలువలో సీసమే లేదన్నారు. ఉందని తేలాక మాది కాదన్నారు. ఇప్పుడు తప్పించుకోవడానికి అదే కాలువని అడ్డం పెట్టుకుంటున్నారు. ఒక్క నోటితో ఎన్ని మాటలండీ! అడిగేవాడు ఉండడని ఎంత ధీమా!

శిక్ష మాత్రం ఒకరికి పడింది. అనుమతి లేకుండా బయటి వస్తువు పిల్లల నీళ్ళలో కలిపినందుకు మా ఆఫీసు నాకు మెమో ఇచ్చింది. పద్దెనిమిదేళ్ల సర్వీసు. జవాబు బాగోకపోతే తీసేస్తారట. వేర్లు పంచిన వాళ్ళకి మెమో లేదు. రాయాల్సింది కొట్టేసిన వాళ్ళకీ లేదు. కాగితం మీద ఉన్నది నమ్మినదానికి వచ్చింది.

జూన్ 14న ఫ్యాక్టరీని రెండింతలు చెయ్యడానికి ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, హైస్కూల్లో. మీ శుద్ధి వనం గొప్పే అక్కడ వాళ్ళు చెప్పబోయే మొదటి మాట. మీరు వచ్చి మీ నోటితో, తెలుగులో, అందరూ వినేలా చెప్పాలి. నాకు రాసింది సరిపోదు. నాకు రాస్తే నేనొక్కదాన్నే చదువుతాను.

బి. ఉష,
అంగన్‌వాడీ టీచర్


విజయవాడ,
జూన్ 16

ఉషా,

ఆ 'గారు' చదివి ఏడ్చాను. అదటుంచు.

మొన్న నేను మాట్లాడుతున్నప్పుడు నువ్వు తల వంచుకుని కూర్చున్నావు, నా వైపు చూడలేదు. సభ అవకుండానే నేను పారిపోయాను. అందుకే రాస్తున్నాను.

ఒక సంగతి అక్కడ చెప్పలేదు. సభకి పది రోజుల ముందు విశ్వేశ్వర్ ఒక కాగితం టైపు చేయించి పంపాడు. 'వట్టివేరు మన పూర్వీకుల కాలం నుంచి తాగునీటిలో వాడుతున్నదే, హాని లేదు' అని. కింద నా పేరు, సంతకానికి చోటు. సంతకం పెడితే నాకు గానీ నీకు గానీ ఇబ్బంది ఉండదన్నాడు. ఉషా, దాన్ని వెంటనే చింపెయ్యలేదు. పది రోజులు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగాను. మైకు ముందుకి వెళ్ళేటప్పుడు కూడా బ్యాగులోనే ఉంది. ఆ తర్వాతే తీసి జాయింట్ కలెక్టర్ బల్ల మీద పెట్టాను.

వాక్యం కొట్టేసింది నేనేనని చెప్పాక ఫ్యాక్టరీ మనుషులు వెనకనుంచి కేకలు వేశారు. వాటికి నేను బెదరలేదు. కోపంలో నా గొంతు ఇంకా లేచింది, చూశావుగా. నన్ను పడగొట్టింది సన్యాసమ్మ. ఆవిడ కేకలు కూడా వెయ్యలేదు. లేచి నిలబడి, "అమ్మా, మీ ఇంట్లో కుండలో వట్టివేరు వేసుకుంటారా?" అంది.

"వేసుకుంటామమ్మా" అన్నాను.

"ఎక్కడిది?"

"వన్ టౌన్‌లో కొన్నాను."

"ఇక్కడ ఇంత పండించావు గందా. కొనుక్కోడం దేనికి?"

మైకు ముందు నుంచి తిన్నగా బయటికి వచ్చేశాను. ఆ ప్రశ్న వేసేదాకా ఆ సంగతి నాకే తట్టలేదు. మార్చిలో ఎండలు ముదరగానే వన్ టౌన్‌లో ఆటో దిగి, నాలుగు కొట్లు తిరిగి, శుభ్రమైన కట్ట ఏరుకుని తెచ్చుకున్నాను. నా చేతుల మీదుగా నాటించిన వట్టివేరు మైళ్ళ పొడవున ఉందని తెలిసి కూడా. నా ఒంటికి తెలిసిన జాగ్రత్త నా పెన్నుకి తెలియలేదు.

కాలేజీ యాజమాన్యం సంజాయిషీ అడిగింది. నీ మెమోకి జవాబుగా నువ్వు పెట్టుకోవడానికి నా వాంగ్మూలం నోటరీ చేయించి ఇందులో పెట్టాను. తప్పు నాదని అందులో ఉంది, తెలుగులోనే.

నన్ను క్షమించగలవా?

లలిత


వలలపాలెం,
జూలై 29

లలితా,

'గారు' తీసేశాను, చూసుకో. పూర్తిగా చల్లబడ్డానని కాదు. కోపం ఉన్నప్పుడు నిన్ను 'నువ్వు' అనకపోతే నాకు తిట్టినట్టే ఉండదు.

నువ్వు వెళ్ళిపోయాక జరిగినవి. విశ్వేశ్వర్ గారు లేచి, మేడమ్ గారు ఒత్తిడిలో ఉన్నారు, ఆ మాటలు పట్టించుకోవద్దు అన్నాడు. సన్యాసమ్మ చేపల గంప అక్కడే బోర్లించి దాని మీద కూర్చుంది. "ఆవిడ తప్పు ఆవిడ ఒప్పుకుంది. మరి నీదెప్పుడు బాబూ?" అంది. ఆ తర్వాత ఎవరూ అతన్ని మాట్లాడనివ్వలేదు. ఫ్యాక్టరీ పెంచే ఫైలు పక్కన పెట్టారు. పక్కన పెట్టడమంటే మూసెయ్యడం కాదని నాకు తెలుసు.

వారం కిందట సంచుల కోసం లారీ పంపించారు. దిగిన మనుషులకి మోచేతుల దాకా గ్లవుజులు, మూతికి గుడ్డ కాదు, గొట్టాల మాస్కులు. మా పిల్లల ఒళ్ళో పెట్టి ఫొటోలు తీసిన కట్టల్ని పటకారుతో ఎత్తారు లలితా, పటకారుతో! పాలెం అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. నాకు ఏడుపు రాలేదు. రాయి దొరికితే లారీ అద్దం పగిలేది.

నీ వాంగ్మూలం పెట్టాను. మెమో మీద ఇంకా ఏమీ తేల్చలేదు. జీతం ఆపలేదు, అంతవరకు నయం. కాలువకి మాత్రం మొక్కలు కావాలి. కొత్త పిలకలు పీకేస్తామని కుర్రాళ్ళు బయల్దేరితే నేనే అడ్డుపడ్డాను. మొక్కకేం పాపం, తన పని తాను చేసింది. రెండేళ్ల తర్వాత ఆ వేర్లు ఎక్కడికి పోతాయో పాలెం కళ్ళతో చూడాలని పంచాయతీలో తీర్మానం రాయించాను.

క్షమించగలవా అని అడిగావు. అది నా ఒక్కదాని చేతిలో ఉందా? సన్యాసమ్మని అడిగాను. చేపలు తోముతూనే వింది. తర్వాత ఒక మాట చెప్పి పంపమంది, అదే రాస్తున్నాను.

ఆగస్టు 11, సోమవారం, పిల్లలకి మళ్ళీ రక్తం తీస్తారు. చిన్నికి సూది అంటే హడల్. పోయినసారి వాళ్ళమ్మ చూడలేక బయటికి పోతే నేను పట్టుకున్నాను. నా మణికట్టు కొరికింది, పళ్ళ గుర్తులు నాలుగు రోజులున్నాయి. ఈసారి నువ్వు పట్టుకోవాలట. కాలేజీకి సెలవు పెట్టు. పొద్దున్న ఏడున్నరకల్లా పీహెచ్‌సీ దగ్గర ఉండు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెయ్యి గట్టిగా పట్టుకో, కదిలితే రెండోసారి గుచ్చుతారు.

ఉష